గోనెపట్టా మీద బుడంకాయ

ఆ డిసెంబర్‌లో మా ఇంట్లో ఎవరు నిద్ర లేచినా, కాలు కింద పెట్టే ముందు ఫోన్ టార్చ్ వేసి నేల చూసుకునేవాళ్ళం. మంచం పక్కన, సోఫా ముందు, వంటింటి గడప దగ్గర... తడి ఎక్కడుంటుందో తెలియదు. సాక్స్ వేసుకున్న కాలు అందులో పడ్డం మూడుసార్లు అయ్యాక వచ్చిన అలవాటు అది.

మాది బెంగళూరు, కుందలహళ్ళి గేటు వైపు, మూడో అంతస్తులో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. పాప రెండేళ్ళుగా కుక్కపిల్ల కావాలని అడుగుతోంది. నవంబర్ చివరి ఆదివారం హోస్కోటె అవతల ఒకాయన ఇంటికి వెళ్ళి డాషండ్ పిల్లని తెచ్చుకున్నాం. అరవై రోజులవాడు. రెండు కిలోలు కూడా లేడు. పొడుగు ఒళ్ళు, ఉన్నాయా లేవా అన్నట్టు కాళ్ళు. కారులో ఒళ్ళో పెట్టుకుని మా ఆవిడ వాణ్ణి 'బుడంకాయ' అంది. పొట్టిగా ఉన్నవాళ్ళని మా ప్రొద్దుటూరు వైపు అలాగే అంటారు. పాప ఫోన్లో రాసి పెట్టుకున్న ఇంగ్లీషు పేర్లన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి.

కుక్కని పెంచడం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు ఊళ్ళో మా ఇంటి ముందు ఎప్పుడూ ఒకటి ఉండేది. కానీ అది వీధిలో పెరిగేది, వీధిలోనే అన్నీ కానిచ్చేది. ఫ్లాట్‌లో టైల్స్ మీద, అదీ చలికాలంలో, రెండు నెలల పిల్లకి 'ఇక్కడ కాదు, అక్కడ' అని నేర్పడం వేరే సంగతని నాకు తట్టలేదు. రెండు వారాల్లో అయిపోతుందని మా ఆవిడకి మాటిచ్చాను కూడా.

బెంగళూరు చలి గురించి ఒక మాట. డిసెంబర్, జనవరిల్లో తెల్లవారుజామున ఇక్కడ 15, 16 డిగ్రీలు మామూలు. ఈ ఊళ్ళో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. ఢిల్లీలో ఉండొచ్చిన మా ఆఫీసు మిత్రుడు 'ఇదీ ఒక చలేనా' అని నవ్వాడు. నిజమే, మనకి స్వెటర్‌తో పోయే చలే. కానీ పొట్టకీ నేలకీ మధ్య మూడు వేళ్ళ సందు కూడా లేని జీవికి గ్రానైట్ గచ్చు ఎంత చల్లగా ఉంటుందో నాకు అర్థం కావడానికి మూడు వారాలు పట్టింది. పైగా ఒళ్ళు ఎంత చిన్నదైతే అందులోని వేడి అంత త్వరగా పోతుంది. చలికి మనకే మాటిమాటికి బాత్రూమ్‌కి వెళ్ళాలనిపిస్తుంది కదా. చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని రక్తం లోపలికి చేరితే, ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని మూత్రపిండాలు బయటికి తోసేస్తాయి.

మొదటి వారంలోనే మా దగ్గరి డాక్టరు రెండు విషయాలు చెప్పారు. ఒకటి, టీకాలన్నీ పూర్తయ్యేదాకా, అంటే సుమారు పదహారు వారాలు నిండేదాకా, కింద మట్టిలో వదలొద్దు. కుక్కపిల్లల ప్రాణం మీదికి తెచ్చే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది, వీధికుక్కలు తిరిగే చోట మరీ ప్రమాదం. రెండోది, వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే దాదాపు అన్ని గంటలు ఆపుకోగలడు, అదీ నిద్రలో. మెలకువగా ఉంటే ఆ లెక్క పనికిరాదు. లేచిన వెంటనే, తిన్న పది ఇరవై నిమిషాలకి, ఆడి ఆడి ఆగిన క్షణాన తీసుకెళ్ళాల్సిందే.

అంటే బయటికి తీసుకెళ్ళకూడదు, లోపల పోయనివ్వకూడదు. మధ్యలో మాకు మిగిలింది యుటిలిటీ. వాషింగ్ మెషిన్, అంట్ల సింకు, ఒక మూల నీళ్ళు పోయే జాలీ. మూడడుగుల వెడల్పు. గ్రిల్ లోంచి ఈదురుగాలి నేరుగా కొట్టే చోటు. జాలీ పక్కన న్యూస్‌పేపర్ పరిచి అదే వాడి బాత్రూమ్ అనుకున్నాం. వాడు అనుకోలేదు.

రోజూ జరిగేది ఇది. నిద్ర లేస్తాడు. ఎత్తుకుని పరుగున యుటిలిటీకి తీసుకెళ్ళి పేపర్ మీద దించి, 'సుస్సు, సుస్సు' అంటాను. వాడు ముందు ఒక కాలు ఎత్తుతాడు, అది దించి ఇంకోటి ఎత్తుతాడు, వేడి పెనం మీద నిలబెట్టినట్టు. తోక కాళ్ళ మధ్యకి పోతుంది. వణుకుతూ నా ముఖంలోకి చూస్తాడు. పది నిమిషాలు అలాగే నిలబడతాం ఇద్దరం. సరే, రావట్లేదేమో అని లోపలికి తెస్తాను. హాల్లో దించీ దించగానే నాలుగడుగులు వేసి, డోర్‌మ్యాట్ మీద నడుం వంచి, కళ్ళు అరమోడ్చి, హాయిగా పోస్తాడు.

ఇది కావాలని చేస్తున్నాడని నేను గట్టిగా నమ్మాను. డాషండ్ అంటే మొండిదని అందరూ అంటారు. జర్మనీలో బాడ్జర్ అనే జంతువును వేటాడటానికి, బొరియలోకి ఒంటరిగా దూరి పోట్లాడటానికి పెంచిన జాతి, జర్మన్‌లో దాని పేరుకి అర్థమే 'బాడ్జర్ కుక్క'. అక్కడ యజమాని మాట వినపడదు, తన నిర్ణయం తనే తీసుకోవాలి. అలాంటి బుద్ధి ఉన్నవాడు నా మాట వింటాడా అని నాకు నేనే చెప్పుకుని, ఒకరోజు పేపర్ చుట్టి నేల మీద గట్టిగా కొట్టి అరిచాను. వాడి మీద దెబ్బ పడలేదు. పడాల్సిన పనే లేకపోయింది. ఆ రోజు నుంచి హాల్లో ఒక్క చుక్క కనపడలేదు.

'చూశావా' అన్నాను మా ఆవిడతో.

మూడో రోజు దివాన్ కింద నుంచి వాసన. టార్చ్ వేసి చూస్తే గోడ వారగా పాప పాత టవల్, దాని మీద మూడు రోజుల సరుకు. వాడికి అర్థమైంది 'ఇంట్లో పోయకూడదు' అని కాదు, 'ఈయన ముందు పోయకూడదు' అని. దాంతో యుటిలిటీలో నేను ఎదురుగా నిలబడితే పోయడం పూర్తిగా మానేశాడు. ఆ ఒక్క అరుపును సరిచేయడానికి నాకు పది రోజులు పట్టింది. జేబులో ఉడికించిన చికెన్ తునకలు పెట్టుకుని, వాడు ఎక్కడ కానిచ్చినా ముఖం మామూలుగా పెట్టుకుని, సరైన చోట పోస్తే ఆఖరి చుక్క పడ్డ క్షణానే నోట్లో తునక. హాల్లోకి వచ్చాక ఇస్తే, హాల్లోకి వచ్చినందుకు ఇచ్చావనుకుంటాడు.

ఇంకో తప్పు కూడా చెప్పాలి. రాత్రి లేవక్కర్లేదని సాయంత్రం ఆరు తర్వాత నీళ్ళ గిన్నె తీసేశాను. డాక్టరు గారికి ఈ తెలివి గొప్పగా చెబితే ఆమె నా వైపు చూసిన చూపు మర్చిపోలేను. ఇంత చిన్న పిల్లలకి నీళ్ళు తగ్గినా, గంటల తరబడి కడుపు ఖాళీగా ఉన్నా ఇబ్బందే, ఒంట్లో చక్కెర పడిపోయి సొమ్మసిల్లవచ్చు అన్నారు. గిన్నె మళ్ళీ పెట్టి, రోజుకి నాలుగుసార్లు తిండి, రాత్రి రెండింటికి అలారం. ఆ అలారం నాది. మా ఆవిడది తెల్లవారి ఐదింటిది.

ఇక ఫినాయిల్. పనమ్మాయి రోజూ ఫినాయిల్‌తో తుడిచేది. మన ముక్కుకి అంతా శుభ్రం. కానీ వాడి ముక్కుకి ఆ ఘాటు కింద పాత వాసన అలాగే ఉంటుంది, అంటే అక్కడ బోర్డు పెట్టినట్టే. పైగా నేల నాకే పిల్ల ఉన్న ఇంట్లో అది మంచిది కాదు. ఎంజైమ్‌లతో వాసనని విరిచేసే లిక్విడ్ తెప్పించి, తుడవకుండా చల్లి పది నిమిషాలు వదిలేయడం మొదలుపెట్టాక, వంటింటి గడప దగ్గర పోయడం మానేశాడు. డోర్‌మ్యాట్ మాత్రం మానలేదు. ఉతికినా అదే, కొత్తది వేసినా అదే.

అమ్మ ధనుర్మాసం మొదలైన రెండో రోజు ప్రొద్దుటూరు నుంచి వచ్చింది. సంక్రాంతి దాకా ఉంటానని. గుమ్మంలో సంచి దించకముందే బుడంకాయ ఆనందం ఆపుకోలేక ఆమె కాళ్ళ దగ్గర కాసిన్ని పోశాడు.

"ఏందిరా ఇది? కుక్కను ఇంట్లో పెట్టుకుని దేవుడి ముందర దీపం ఎట్ల పెట్టేది?"

"అవ్వా, వాడు నిన్ను చూసి సంతోషపడ్డాడు" అంది పాప.

"నాకు వద్దులే ఆ సంతోషం."

మర్నాడు ఐదింటికే లేచి కారిడార్‌లో మా గుమ్మం ముందు చుక్కలు పెట్టి ముగ్గు వేసింది. పదిహేను చుక్కల ముగ్గు, కాళ్ళు మడిచి కూర్చుని అరగంట. మా ఆవిడ బుడంకాయని ఎత్తుకుని యుటిలిటీకి వెళ్తుంటే చేతుల్లోంచి జారి, తెరిచి ఉన్న తలుపులోంచి బయటికి దూకి, ముగ్గు మధ్యలోకి వెళ్ళి తచ్చాడాడు. పోయలేదు. వాసన చూసి, పొట్టకి పిండి అంటించుకుని, ఎదురు ఫ్లాట్ ఆంటీ వాళ్ళ గుమ్మం ముందున్న కొబ్బరి పీచు పట్టా ఎక్కి, దాని మీద తాపీగా పోశాడు. ఆ చప్పుడుకి ఆంటీ తలుపు తీసింది. మా ఆవిడ సారీ చెప్పడానికి నోరు తెరిచేలోగా "పర్వాగిల్ల బిడి, మగు అల్వా" అనేసింది. పసివాడు కదా, పోనీలెండి అని. నేను ఆ పట్టా తీసుకెళ్ళి ఉతికి, కొత్తదొకటి కొనిచ్చాను.

అమ్మ మాత్రం తిట్టలేదు. చెరిగిన ముగ్గు వైపు కాక ఆ పట్టా వైపే చూస్తోంది.

"వాడు గచ్చు మీద పోయడు రా. మెత్తగా, గరుగ్గా కాలికి ఏదన్నా తగలాల. ముందర యాడుండె వీడు?"

ఫోన్‌లో వాణ్ణి తెచ్చిన రోజు తీసిన వీడియో చూపించాను. కారు షెడ్డులో తల్లికుక్క, ఐదు పిల్లలు. మేమంతా ఆ రోజు పిల్లల ముఖాలే చూశాం. అమ్మ వాటి కాళ్ళ కింద చూసింది. షెడ్డంతా గోనెపట్టాలు పరిచి ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. పడుకునే వైపు పొడిగా, గోడ వైపు తడిసి నల్లగా.

తర్వాత డాక్టరుని అడిగితే అదే అన్నారు. కళ్ళు తెరిచి నడవడం మొదలుపెట్టిన కొద్ది వారాల్లోనే కాలికింద ఏది తగులుతుందో దానికి అలవాటు పడిపోతారు, తర్వాత దాన్నే వెతుక్కుంటారని. మేము పరిచిన పేపరు వాడికి బాత్రూమ్‌లా అనిపించనే లేదు. డోర్‌మ్యాట్, టవల్, కొబ్బరి పీచు పట్టా, ఇవన్నీ వాడి లెక్కలో సరైన చోట్లు. మూడు వారాలుగా పాపం పద్ధతిగానే పోస్తున్నాడు.

గోనెసంచి దొరకడం మాత్రం కష్టమైంది. బియ్యం ఇప్పుడు ప్లాస్టిక్ సంచుల్లో వస్తోంది. కానీ బెంగళూరులో మన పక్కన ఎప్పుడూ ఒక బిల్డింగ్ లేస్తూనే ఉంటుంది కదా. పక్క సైట్‌లో పిల్లర్లకి క్యూరింగ్ కోసం తడిపి చుట్టే గోనెపట్టాలు ఉన్నాయి. అక్కడి వాచ్‌మన్ ఆదోని ఆయన. అమ్మ గ్రిల్ లోంచే మాట కలిపి, అరగంటలో ఊరూ పేరూ కనుక్కుని, రెండు పట్టాలు పైకి తెప్పించింది. వేడినీళ్ళలో ఉతికి, రెండు రోజులు మేడ మీద ఎండబెట్టాం.

మొదటి పట్టా యుటిలిటీ తలుపుకి లోపలివైపు, వంటింట్లోనే పరిచాం. బయటికి కాదు. చలి గొడవ ముందు తీసేద్దామని. వాడు ఎక్కాడు, గుండ్రంగా రెండుసార్లు తిరిగాడు, పోశాడు. ఎవరూ 'సుస్సు' కూడా అనలేదు. పాప చప్పట్లు కొట్టబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, చికెన్ తునక తనే పెట్టింది. కుక్కని ముట్టనన్న మనిషి. ఆ వెంటనే స్నానానికి వెళ్ళిందనుకోండి, అది వేరే.

అక్కడి నుంచి రోజుకి జానెడు చొప్పున పట్టాని జరిపాం. గడప దాటించడానికి నాలుగు రోజులు. గడప దాటిన రోజు గాలికి వెనక్కి వచ్చేశాడు. మళ్ళీ లోపలికి జరిపి, గ్రిల్‌కి కింది సగం పాత దుప్పటి కట్టి, రెండు రోజులాగి మళ్ళీ ప్రయత్నించాం. పది రోజులకి పట్టా జాలీ పక్కకి చేరింది. రోజూ ఉతికేవాళ్ళం కానీ ఒక మూల కాస్త వాసన మిగిలేలా వదిలేవాళ్ళం, అడ్రస్ కోసం.

పాప గోడ క్యాలెండర్ మీద లెక్క రాసేది. సరైన చోటైతే చుక్క, తప్పైతే అడ్డగీత. రాహుకాలం, వర్జ్యం పక్కన మా బుడంకాయ చుక్కలు. డిసెంబర్ మూడో వారంలో ఒక గడిలో ఏడు అడ్డగీతలున్నాయి. భోగి నాటికి ఒకటి. ఆ ఒకటి కూడా మా ఆవిడ ఆఫీసు నుంచి వచ్చినప్పుడు సంతోషంతో పోసేది. ఇంట్లోకి రాగానే రెండు నిమిషాలు వాడి వైపు చూడకుండా, పలకరించకుండా ఉంటే అదీ తగ్గింది. ఆ రెండు నిమిషాలు తనకే ఎక్కువ కష్టం.

స్వెటర్ సంగతి కూడా చెప్పాలి. షాపులో కొన్నవన్నీ వాడి పొడుగుకి చాలవు. చివరికి పాపకి బిగుతైన స్కూల్ స్వెటర్ చెయ్యి కత్తిరించి, ముందుకాళ్ళకి రెండు కన్నాలు పెట్టి తొడిగాం. అచ్చంగా వాడి కోసమే అల్లినట్టు ఉంది. అరగంటకే పొట్ట కింద తడిసి ముద్దయింది. మగపిల్లాడన్న సంగతి మర్చిపోయాం. పొట్ట వైపు అర్ధచంద్రంలా కోసేసి, రెండో చెయ్యితో ఇంకోటి తయారుచేశాం. తెల్లవారి ఆ తొడుగు వేసి తీసుకెళ్తే పని రెండు నిమిషాల్లో అయ్యేది. లేకపోతే అదే పాత కథ. చలికి బిగుసుకుని ఆపుకోవడం, లోపలి వెచ్చదనానికి ఒళ్ళు వదులై వదిలేయడం. అయినా ఒక్కోసారి రాదు. అప్పుడు లోపలికి తెచ్చి కింద దించకుండా పది నిమిషాలు ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ తీసుకెళ్ళేవాణ్ణి. ఒళ్ళో పోయడు. అంత నమ్మకం ఉండేది. రెండుసార్లు తప్ప.

రాత్రి అలారం నెమ్మదిగా జరిగింది. రెండు, మూడు, నాలుగు. జనవరి చివరికి పదకొండుకి తీసుకెళ్తే ఐదున్నర దాకా క్రేట్‌లో, అంటే వాడి పడక బోనులో, కదలకుండా పడుకునేవాడు.

అమ్మ కనుమ తర్వాత నాలుగు రోజులుండి వెళ్ళిపోయింది. ఆఖరి టీకా వేసిన రెండు వారాలకి డాక్టరు సరేనన్నారు, కిందికి దింపాం. మెట్లు దిగనివ్వం, ఈ జాతికి వెన్నెముక డిస్కులు త్వరగా దెబ్బతింటాయి. లిఫ్టులో ఎత్తుకునే తీసుకెళ్ళాలి. లిఫ్టులో కుక్కేంటని ఒకరు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దాన్ని ఆపకూడదని ఉంది, ఆ కాగితం పెట్టి ఊరుకున్నాను. వాడు లిఫ్టులో ఎప్పుడూ పోయలేదు, అది మాత్రం ఆ గ్రూపులో రాయలేదు, దిష్టి తగులుతుందని.

కింద కాంపౌండ్ వారగా మంచి లాన్ ఉంది. ఆరింటికి గడ్డి నిండా మంచు. దాని మీద దించగానే పొట్ట తడిసి, నాలుగు కాళ్ళూ ఒకేసారి ఎత్తాలని చూశాడు. డిసెంబర్‌లో అయితే మొండితనం అనేవాణ్ణి. ఈసారి అరచేతిని గడ్డి మీద ఆనించి చూశాను. పది లెక్కపెట్టే లోపు వేళ్ళు కొంకర్లు పోయాయి. గోడ పక్కన బాదం చెట్టు కింద ఎండుటాకులు, పొడి మట్టి. పాత పట్టాలోంచి రెండు జానల ముక్క కోసుకొచ్చి ఆ ఆకుల మీద పరిచాను. నాలుగో రోజు పోశాడు. తర్వాత ముక్కని సగం చేశాను, మళ్ళీ సగం. చివరికి అరచేతంత అయింది. వాడు దాని వాసన చూసి, పక్కనే ఆకుల మీద కానిచ్చేసేవాడు. రెండో పని ఎత్తడానికి నా జేబులో పాత పేపరు, కవర్ ఎప్పుడూ ఉండేవి.

అమ్మ రోజూ ఫోన్లో ముందు పాప సంగతి, తర్వాత "వాడు పోయినాడా?" అని అడిగేది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయింది. ఆ వారం క్యాలెండర్‌లో అడ్డగీతలు లేవు. పాప కూడా చుక్కలు పెట్టడం మానేసింది.

మే నెలలో ఒక తెల్లవారి వాన పడి వెలిసింది. బాదం చెట్టు కింద ఆకులన్నీ నీళ్ళలో తేలుతున్నాయి. బుడంకాయ అక్కడిదాకా నడిచి, పొట్టకి తడి తగలగానే ఆగి, ఒక కాలు ఎత్తి నా ముఖంలోకి చూశాడు. వాణ్ణి చంకలో పెట్టుకుని పైకి వెళ్ళి, చెప్పుల స్టాండు వెనక నుంచి రెండో గోనెపట్టా తీసుకొచ్చాను.